వ్యూ కెఫేలో రాహుకాలం

సముద్రం చూడటానికి కాఫీ ఎందుకు తాగాలో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. పెర్త్ శివారు పియారా వాటర్స్‌లో మా ఇంటి నుంచి కారులో కాస్త దూరం పోతే హిందూ మహాసముద్రం ఉంది. ఇసుక తెల్లగా, నీళ్ళు నీలంగా, అడిగేవాడు లేక పడి ఉంటుంది. పక్కపేట హారిస్‌డేల్‌లో ఉండే మా అక్క ఇన్నేళ్ళలో ఆ ఒడ్డుకు వెళ్ళిందే తక్కువ. వెళ్ళినప్పుడు కూడా గాలికి జుట్టు చెదిరిపోతోందని కారు దిగేది కాదు. అలాంటి మనిషి పోయిన మాఘమాసంలో సముద్రం కనిపించే కెఫేలు వెతుక్కుంటూ విమానమెక్కి థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దాకా వెళ్ళింది. వెళ్తూ నన్నూ వెంటబెట్టుకుపోయింది.

అక్క కూతురి పెళ్ళిచూపులు అక్కడ పెట్టుకున్నారు మరి.

అబ్బాయివాళ్ళది ఆస్ట్రేలియాకు అటు చివర టూవూంబా. తండ్రి చాలా ఏళ్ళుగా అక్కడే డాక్టరు. తల్లి ఆ ఊళ్ళో ఏ తెలుగింట్లో పేరంటం జరిగినా ముందు వరసలో కూర్చుని తప్పులు చూపించే మనిషి. అబ్బాయి బ్రిస్బేన్‌లో ఏదో బ్యాంకులో కంప్యూటర్ల ఉద్యోగం. పద్ధతి ప్రకారం వాళ్ళే అమ్మాయి ఇంటికి రావాలి. కానీ వాళ్ళు పెర్త్‌లో దిగిన సాయంత్రానికల్లా హారిస్‌డేల్‌లో ఏ ఇంటి ముందు అద్దెకారు ఆగిందో, అందులోంచి దిగినావిడ ఏ రంగు చీర కట్టుకుందో తెలుగు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపు మొత్తానికి తెలిసిపోతుంది. కుదరకపోతే పిల్లకు మాట వస్తుందని అక్క భయం. మనమే టూవూంబా పోతే మన పరువేం కావాలని బావ పట్టుదల. ఆఖరికి ఇద్దరిదీ కాని దేశంలో, సెలవులకు వెళ్ళినట్టు వెళ్ళి, అనుకోకుండా ఎదురుపడినట్టు కలుద్దామని తేల్చారు. కొట్టుకున్న దేశాలు రాజీకి ఇలాగే మూడో దేశానికి పోతాయని నేను చదివాను. ఆ మాటే అక్కతో అన్నాను.

"నీ పుస్తకాలు నీ దగ్గర పెట్టుకోవే తల్లీ," అంది.

నాకది అలవాటే. నేను ఇంటర్ దాకానే చదివాను. తర్వాత పెళ్ళి, వీసా, పిల్లలు. ఇక్కడికొచ్చాక ఒకరోజు ఎండకు తట్టుకోలేక పేటలోని లైబ్రరీలోకి దూరాను. కార్డు కావాలా అని అడిగారు. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా చదువుతూనే ఉన్నాను. పొద్దున స్కూలు క్యాంటీన్‌లో పిల్లలకు శాండ్‌విచ్‌లు చుడతాను, మధ్యాహ్నం లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటాను. మొదట బొమ్మల పుస్తకాలు, తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని లావువి. రాళ్ళు ఎలా పుడతాయో, దేశాలు గడియారాన్ని ఎలా పంచుకున్నాయో, ఏ మొక్క ఏ ఓడెక్కి ఏ తీరం చేరిందో అన్నీ అక్కడే తెలుసుకున్నాను. మా కుటుంబంలో డిగ్రీలున్నవాళ్ళకు కొదవ లేదు. డిగ్రీ చేతికొచ్చాక మళ్ళీ పుస్తకం తెరిచినవాళ్ళను మాత్రం నేను చూడలేదు.

అక్క కూతురికి ముప్పై మూడేళ్ళు. ఫార్మసిస్టు. అంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ ఒక్క ఫోన్‌కాల్‌తోనే తోసేసింది. ఒక్కటి మాత్రం ఇంటిదాకా వచ్చింది. ఆ పిల్లాడి తండ్రిది గుంటూరు. మిరపకాయ బజ్జీ తింటూ, మిరపకాయను ప్రపంచానికిచ్చింది మా ఊరేనన్నాడు. కాదండీ, అది పోర్చుగీసువాళ్ళ ఓడల్లో దక్షిణ అమెరికా నుంచి వచ్చింది, మన తాతముత్తాతలు మిరియాలతోనే సరిపెట్టుకున్నారని నేను చెప్పాను. ఆయన బజ్జీ సగంలో పెట్టేశాడు. ఆ సంబంధం తప్పిపోవడానికి కారణాలు వేరే ఉన్నాయి. అక్క మాత్రం ఇప్పటికీ మిరపకాయ దగ్గరే పోయిందని చెబుతుంది.

ఈ అబ్బాయితో పిల్ల మూడు నెలలుగా ఫోన్లో మాట్లాడుతోంది. విమానంలో నా పక్క సీటు. అక్కా బావా కళ్ళు మూసుకున్నారని చూసుకుని నా వైపు వంగింది.

"పిన్నీ, ఐ యాక్చువల్లీ లైక్ హిమ్."

"సంతోషం. ఇష్టమైతే ఇంత తతంగం దేనికి?"

"వాళ్ళ అమ్మగారికి అన్నీ ప్రాపర్‌గా జరగాలి. ఆవిడ నో అంటే అతను కూడా... హీ వోంట్ ఫైట్ హర్. నాకు కూడా ఫైట్‌తో స్టార్ట్ అవ్వడం ఇష్టం లేదు. ఈ వీకెండ్ బాగా జరిగితే చాలు. సో ప్లీజ్."

"నన్నెందుకే ప్లీజ్ అంటావు?"

"నో ఫ్యాక్ట్స్, పిన్నీ. ఈ రెండు రోజులూ. ప్లీజ్."

నా ఒడిలో ఆ ద్వీపం గురించిన పుస్తకమే ఉంది. అక్కడి తగరపు గనుల గురించి, సముద్రంలో నిట్టనిలువుగా లేచిన సున్నపురాయి కొండల గురించి సగం దాకా వచ్చాను. మూసేసి సంచిలో పెట్టుకున్నాను. ఆ పిల్ల ఏదైనా కావాలని నోరు తెరిచి అడగడం అరుదు. కావాలన్నది ఈ అబ్బాయిని. దానికోసం నేను రెండు రోజులు తెలివితక్కువగా ఉండాలి. సరే, మా కుటుంబంలో అందరూ జన్మంతా ఉండగలుగుతున్నారు, నేను రెండు రోజులు ఉండలేనా అనుకున్నాను.

వాళ్ళకంటే ఒకరోజు ముందే దిగాం. ఆ రోజు రిహార్సల్. అక్క ఇంట్లో కూర్చుని రీల్స్ చూసి చూసి నాలుగైదు కెఫేలు ఏరిపెట్టింది. వాటిలో ఏది పెళ్ళిచూపులకు తగినదో స్వయంగా తేల్చుకోవాలట. వ్యాన్ మాట్లాడుకుని బయలుదేరాం.

మొదటిది కొబ్బరిచెట్ల తోపులో ఉంది. రెండు చెట్ల మధ్య పొడవాటి తాళ్ళతో ఊయల, ఊయల కింద లోయ, లోయ అవతల సముద్రం. ఊయలెక్కడానికి వరస. వరసలో ఉన్నవాళ్ళకు అద్దెకు ఎర్ర గౌన్లు ఇస్తున్నారు, వెనక ఏడెనిమిది గజాల తోక వేలాడేవి. ఊగినప్పుడు ఆ తోక గాల్లో ఎగరాలి, అప్పుడు ఫోటో తియ్యాలి. పిల్లలెవరూ లేరు ఆ వరసలో, అందరూ పిల్లలున్నవాళ్ళే. ఊగినవాళ్ళలో ఒక్కరూ సముద్రం వైపు తిరగలేదు. తిరిగితే ఫోటోలో వీపు పడుతుంది.

రెండోదాంట్లో వెదురుతో అల్లిన పక్షిగూడు, ఇద్దరు పట్టేంతది. మనుషులు ఒకరి తర్వాత ఒకరు చెప్పులు విప్పి అందులోకెక్కి, గుడ్డు పొదుగుతున్నట్టు కూర్చుని, దిగి వచ్చేస్తున్నారు. అక్క కూడా ఎక్కింది. దిగడానికి బావా నేనూ చెరో రెక్క పట్టుకోవాల్సి వచ్చింది.

మూడోదాంట్లో కొండ అంచున గాజునేల. దాని మీద నడుస్తూ బావ, మైన్‌సైట్‌లో ఇంజనీరైన పెద్దమనిషి, "ఇది ఎంత బరువు ఆపుతుందో రాసి పెట్టాలి కదా, ఎక్కడా రాయలేదే," అని పదిసార్లు అన్నాడు. ఆ రోజు మొత్తంలో నేను విన్న పనికొచ్చే మాట అదొక్కటే.

కాఫీ సంగతి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెబుతాను. బాగోలేదు. అసలు అక్కడ ఎవరూ కాఫీ అడగడం లేదు, నీలం రంగు పానీయం అడుగుతున్నారు. పొడవాటి గ్లాసులో కింద నీలం, నిమ్మరసం పిండితే పైన ఊదా. అందరూ ముక్కున వేలేసుకుంటున్నారు. అవి శంఖుపూలు. మా పుట్టింట్లో పెరటి కంచె మీద పాకిన తీగ, మా అమ్మ పొద్దున్నే కోసి శివుడికి పెట్టేది. పులుపు తగిలితే రంగు ఎందుకు మారుతుందో కూడా నాకు తెలుసు. నోటి దాకా వచ్చింది. పిల్ల బల్ల కింద నా కాలు తొక్కింది. మింగేశాను. గ్లాసును ముందు అక్క ఫోటో తీసింది, తర్వాత గ్లాసుతో పిల్లను, పిల్లతో సముద్రాన్ని, ఆ పైన గ్లాసును సముద్రం ముందు ఒంటరిగా నిలబెట్టి మరోసారి. తీయడం అయ్యేసరికి ఐసు కరిగి, నీలం వెలిసి, పాత చొక్కా ఉతికిన నీళ్ళలా అయింది. దాన్ని నేను తాగాను, పారబోయడం ఇష్టం లేక.

నాలుగోది ఖాయమైంది. కొండమీద రెండంతస్తుల కెఫే. పై అంతస్తులో సముద్రం వైపు గోడ మొత్తం అద్దం. అవతల అఖాతం, అందులో ఆ సున్నపురాయి కొండలు. ఇటు పక్క కిటికీలోంచి చూస్తే కింద కార్లు ఆపే చోటు. మంచి బల్లలు గంటన్నరే ఇస్తారు, ముందే చెప్పుకోవాలి. అక్క శుక్రవారం పదకొండింటికి చెప్పుకుంది.

ఆ పదకొండు ఎక్కడి నుంచి వచ్చిందంటే, శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. క్యాలెండర్ చూసే ప్రతివాళ్ళకూ వచ్చు. అయితే అక్క చేతి గడియారం ఏ దేశం పోయినా పెర్త్ టైమే చూపిస్తుంది, మార్చదు. పెర్త్‌లో పన్నెండు అయితే ఫుకెట్‌లో పదకొండు. కాబట్టి పదకొండుకు రాహుకాలం వదిలిపోతుందని అక్క లెక్క. ఏ దేశంలో ఉన్నా రాహువు హారిస్‌డేల్ టైము ప్రకారమే డ్యూటీ చేస్తాడని మా అక్క నమ్మకం.

శుక్రవారం పదకొండు కాగానే లోపలికెళ్ళి కూర్చున్నాం. అక్కకు కంచిపట్టు, నాకూ బలవంతాన పట్టు, బావకు కోటు. ఆ ఉక్కలో ముగ్గురం ఆవిరిమీద పెట్టిన కుడుముల్లా ఉన్నాం. పిల్ల మాత్రం నూలు చీర కట్టుకుని చల్లగా ఉంది. అబ్బాయివాళ్ళ వ్యాన్ కూడా చెప్పిన టైముకే వచ్చింది. కిటికీలోంచి కనబడుతోంది. తెల్లటి వ్యాన్, చెట్టు నీడలో ఆగింది.

ఆగింది కానీ తలుపు తెరుచుకోలేదు.

ఐదు నిమిషాలు చూశాం. పది నిమిషాలు చూశాం. డ్రైవర్ దిగి నీడలో నిలబడ్డాడు. ఇంజన్ ఆడుతూనే ఉంది. లోపల ఎవరూ కదలడం లేదు. పిల్ల ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. చదివి ముందు నవ్వింది, తర్వాత తండ్రి మొహం చూసి నవ్వు ఆపేసింది.

"వాళ్ళ మదర్ రాహుకాలం అంటున్నారట. ఇక్కడి టైమ్ ప్రకారం ట్వెల్వ్ దాకా ఉందట. అప్పటిదాకా దిగరట."

"అదేంటే, అయిపోయిందిగా!" అక్క చెయ్యెత్తి గడియారం చూపించింది, వ్యాన్‌లోవాళ్ళకు కనబడుతుందన్నట్టు. "పన్నెండు దాటింది కదా!"

"అమ్మా, అది పెర్త్ టైమ్."

"మరి మనది పెర్తేగా!"

బావ కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. ఆయన కోపం ఎప్పుడూ బట్టలతోనే మొదలవుతుంది. "అంటే మనం ఇక్కడ కూర్చోవాలి, వాళ్ళు ఏసీలో కూర్చుని గడియారం చూసుకుంటారు. గంట తర్వాత ఈ బల్ల మనది కాదు. అప్పుడు నా కూతుర్ని ఎక్కడ చూస్తారు, మెట్లమీద నిలబెట్టా?"

"మనమే కిందికి వెళ్ళి పలకరిస్తే?" అంది అక్క, సగం మనసుతో.

"పిల్లనిచ్చేవాళ్ళమని వ్యాన్ దగ్గరకెళ్ళి అద్దం కొట్టాలా? ఇప్పుడే ఇలా ఉంటే రేపు ఎలా ఉంటుందో ఆలోచించుకో. పావుగంట చూస్తాను. రాకపోతే లేచి పోదాం. ఇంతటితో సరి."

ఆయన అలా అన్నాడంటే చేస్తాడు. పిల్లకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. స్ట్రా మీది కాగితాన్ని చింపి చింపి బల్లమీద గుట్టపోస్తోంది. ముప్పై మూడేళ్ళ మనిషి, పొద్దస్తమానం ఇతరుల రోగాలకు మందులిచ్చే మనిషి, తలెత్తకుండా ఆ కాగితం చింపుతోంది. ఇటుపక్క గడియారం మార్చుకోవడం రానివాళ్ళు, అటుపక్క వ్యాన్ దిగడం రానివాళ్ళు. వీళ్ళ మధ్య దాని జీవితం ఆగి ఉంది. ప్రపంచం నలుమూలల నుంచి జనం చూడటానికొచ్చే ఆ అఖాతానికి మా నలుగురి వీపులే కనిపిస్తున్నాయి. మేం చూస్తున్నది కార్ల స్టాండు.

అప్పుడు నాకు తెలిసిన సంగతి ఒకటుంది, అదీ చెప్పాలి. క్యాలెండర్‌లో వేసే పదిన్నర-పన్నెండు లెక్క సూర్యుడు ఆరింటికి ఉదయించే చోటికి. అసలు పద్ధతి వేరు. ఉన్న ఊళ్ళో సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా పగటిని ఎనిమిది వాటాలు వెయ్యాలి. శుక్రవారం నాలుగో వాటా రాహుకాలం. ఆ రోజుల్లో ఆ ద్వీపంలో సూర్యుడు బద్ధకంగా ఆరున్నర దాటాక లేస్తున్నాడు. అంటే పదకొండింటికి రాహుకాలం అయిపోలేదు సరికదా, సరిగ్గా అప్పుడే మొదలైంది. అక్క పిల్లను తీసుకుని దాని నెత్తిన కూర్చుంది. ఆవిడేమో అది పూర్తిగా వదలకముందే పన్నెండింటికి దిగబోతోంది. ఇద్దరిలో ఒక్కరికీ తాము నమ్మేది కూడా సరిగ్గా తెలియదు. నాకు నమ్మకం లేదు, కానీ తెలుసు. ఈ ముక్క పైకంటే రెండు కుటుంబాలూ కలిసి మధ్యాహ్నం దాకా వ్యాన్‌లో కూర్చునేవి.

పిల్ల నా వైపు తిరిగింది. "పిన్నీ, డు సమ్‌థింగ్."

"ఫ్యాక్ట్స్ వద్దన్నావుగా."

"ఫ్యాక్ట్స్ వద్దు. సమ్‌థింగ్ ఎల్స్."

మెట్లు దిగి వెళ్ళాను. ఎండకు పట్టుచీర కాలుతోంది. వ్యాన్ అద్దం మీద వేలితో తడితే బెత్తెడు కిందికి దిగింది. లోపల నుంచి చల్లగాలి, దాంతోపాటు మల్లెపూల వాసన, ఒక పట్టుచీర అంచు, దాని మీద ఒక గంభీరమైన మొహం. అమ్మాయి పిన్నినని చెప్పుకున్నాను.

"నమస్కారం వదినగారూ. పైకి రండి, అందరూ మీకోసమే చూస్తున్నారు."

"పన్నెండు దాటగానే వచ్చేస్తామండి. ఏమీ అనుకోకండి. శుభమా అని వచ్చి రాహుకాలంలో గడప తొక్కితే ఎలాగండీ?"

వెనక సీట్లోంచి డాక్టరుగారి గొంతు వినిపించింది. "గడపెక్కడుందే? అది కాఫీ హోటలు."

"మీరూరుకోండి."

"ఊరుకోవడం కాదు, నేను బాత్రూముకెళ్ళాలి."

"వెళ్ళండి, బాత్రూముకి రాహుకాలమేంటి?"

"అది లోపలే ఉంది."

"అయితే ఆగండి."

ఆయన పక్కనే అబ్బాయి. నన్ను చూసి, "హలో ఆంటీ," అని చెయ్యి సగం ఎత్తి, తల్లి వీపు వైపు చూసి దించేశాడు. మనిషి బాగానే ఉన్నాడు. వెన్నెముక ఇంకా పెరగాల్సి ఉంది.

నేను అద్దానికి దగ్గరగా వంగాను. "వదినగారూ, మీరు చెప్పింది నూటికి నూరు పాళ్ళూ నిజం, స్థిరంగా ఉన్నవాళ్ళకి. ప్రయాణంలో ఉన్నవాళ్ళకి వేరే లెక్క ఉంది."

"వేరే లెక్కా?"

"కొత్త చోట మూడు రాత్రులు నిద్ర చేసేదాకా మనిషికి తన ఇంటి గడప టైమే వర్తిస్తుంది. మూడు నిద్రలయ్యాకే ఆ చోటి కాలం పట్టుకుంటుంది. మీరొచ్చింది రాత్రే. కాబట్టి మీకు ఇవాళ టూవూంబా రాహుకాలం. అది ఇక్కడి టైము ప్రకారం పొద్దున ఏడున్నరకు వచ్చి తొమ్మిదింటికే వెళ్ళిపోయింది."

ఆవిడ చూపు నా మొహం మీద ఆగింది. కట్టుకున్న పట్టుచీర మొదటిసారి నాకు పనికొచ్చింది. "ఎక్కడుందండీ అది?"

"పాత గ్రంథం. యాత్రలకు పోయేవాళ్ళ కోసం రాసింది. నేను లైబ్రరీలో చదివాను."

"ఈవిడ బాగా చదువుతారటమ్మా," అన్నాడు అబ్బాయి వెనక నుంచి. పిల్ల చెప్పి ఉంటుంది.

"అవునవును, ఉంది, మా నాన్న కూడా అనేవాడు," అన్నాడు డాక్టరుగారు, ఆపుకోలేనివాడి గొంతుతో. "మూడు నిద్రలు. కరెక్టు."

నేను అక్కడికక్కడ పుట్టించిన శాస్త్రానికి అప్పుడే ఒక తండ్రి సాక్ష్యం దొరికింది. ఆవిడ వేళ్ళ మీద గంటలు లెక్కవేసుకుంది, పెదవులు కదిలాయి. తర్వాత మొహం విచ్చుకుంది. "అందుకేనండీ, పొద్దున ఎనిమిదింటికి నాకు ఒకటే తలనొప్పి. తొమ్మిదికల్లా తీసేసినట్టు పోయింది."

తలుపు తెరుచుకుంది. డాక్టరుగారు అందరికంటే ముందు దిగి, ఎవరినీ పలకరించకుండా, మెట్లు రెండేసి ఎక్కుతూ పోయాడు. పైన కిటికీ దగ్గర మా బావ అది చూసి, "ఎంత ఆత్రంగా వస్తున్నాడో చూడు," అని కరిగిపోయాడట. అక్కకు మెట్ల దగ్గరే రెండు ముక్కల్లో చెప్పాను. "చూశావా, పెర్త్ టైమే కరెక్టని నేను ముందే అన్నానా," అంది. అందరూ గెలిచారు.

తర్వాతది చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పిల్ల చేత్తో కాఫీ అందించాలి కదా, మామూలు కాఫీ అడిగితే అక్క పట్టుబట్టి నీలానివే తెప్పించింది. ఆవిడ గ్లాసు ఎత్తి, "ఇదేంటమ్మా, సిరా పోశావా?" అంది. పిల్ల నవ్వింది. ఆవిడా నవ్వింది. డాక్టరుగారు తిరిగొచ్చి ప్రపంచంలో అందరినీ క్షమించిన మొహంతో కూర్చున్నాడు. ఇద్దరు పిల్లలూ అద్దం దగ్గరకెళ్ళి నిలబడి ఏదో మాట్లాడుకున్నారు. నేను విననట్టు కూర్చుని విన్నాను. ఆఫీసులో పార్కింగ్ ఎంత కష్టమో చెప్పుకుంటున్నారు. ప్రేమించుకునేవాళ్ళు ఇంత చప్పగా ఉంటారని ఏ పుస్తకంలోనూ లేదు. అయినా దాని చేతులు కాగితాల జోలికి పోలేదు, అది చూశాను.

అబ్బాయి మర్యాద కోసం నన్ను అడిగాడు. "ఆ హిల్స్ ఎలా ఫార్మ్ అయ్యాయి ఆంటీ? మీకు తెలుసట కదా."

పిల్ల వైపు చూశాను. కళ్ళతోనే సరేనంది. సముద్రపు జీవుల గుల్లలు అడుగున పేరుకుని రాయి కావడం, ఆ రాయిని వాన కొరికెయ్యడం మొదలుపెట్టాను. వాన దాకా రాకముందే అతను, "వావ్, ఓకే," అని ఫోన్ తీసి కొండల్ని ఒక ఫోటో కొట్టాడు. కోట్ల ఏళ్ళ పని ఒక్క 'ఓకే'తో అయిపోయింది.

టైము అయిపోయిందని కెఫేవాళ్ళు నవ్వుతూ వచ్చి నిలబడే ముందు ఆడవాళ్ళంతా ఫోటోలు దిగారు. అబ్బాయి తల్లి సముద్రానికి వీపు పెట్టి, కొంగు సవరించుకుని, "కొండలు నా తలమీంచి మొలిచినట్టు రాకుండా తియ్యండి వదినగారూ," అంది నాతో. ఇరవై ఫోటోలు తీశాను. ఒక్కదాంట్లో కూడా ఆవిడ తలమీంచి కొండ తప్పలేదు.

సంబంధం కుదిరింది. వైశాఖంలో పెర్త్‌లోనే పెళ్ళి చేశారు.

అయితే నేను పుట్టించినది మాత్రం అక్కడితో ఆగలేదు. ఇన్నేళ్ళుగా మిరపకాయ నుంచి సున్నపురాయి దాకా నేను చెప్పిన నిజాల్లో ఒక్కటి కూడా పియారా వాటర్స్ దాటి హారిస్‌డేల్ చేరలేదు. మూడు నిద్రల సూత్రం రెండు నెలల్లో ఖండం దాటింది. అక్క తన స్నేహితురాళ్ళకు చెప్పింది. టూవూంబా ఆవిడ తన పేరంటాల్లో చెప్పింది. ఒకరోజు పొద్దున క్యాంటీన్‌లో నా ఫోన్‌కే వచ్చింది, చుట్టూ తామరపూల బొమ్మలతో, 'మన పూర్వీకుల విజ్ఞానం, విదేశాల్లో ఉన్న ప్రతి తెలుగువారూ తెలుసుకోవాలి' అని పైన రాసి. పంపింది బీమా కంపెనీలో లెక్కలు కట్టే ఒక పెద్ద ఉద్యోగస్థురాలు. అందులో నేను చెప్పనివి కూడా చేర్చారు. గర్భిణులకు ఐదు నిద్రలట. బదులుగా నమస్కారం బొమ్మ పెట్టి ఊరుకున్నాను.

పెళ్ళయిన వారానికి, ఆదివారం సాయంత్రం, పిల్ల ఫోన్ చేసింది. వెనక నిశ్శబ్దంగా ఉంది, సన్నగా ఏసీ చప్పుడు.

"ఎక్కడున్నావే?"

"టూవూంబాలో. అత్తయ్యగారి ఇంటి ముందు. కార్లో."

"లోపలికి వెళ్ళకుండా కార్లో ఏం చేస్తున్నావు?"

"గృహప్రవేశం కదా పిన్నీ. నేనింకా ఇక్కడ మూడు రాత్రులు పడుకోలేదు కదా. సో నాకు పెర్త్ రాహుకాలమట. ఇక్కడి టైమ్‌లో ఎయిట్ దాకా ఉంది. అత్తయ్యగారు హారతి పళ్ళెం పట్టుకుని డోర్‌లోనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నైబర్స్ బయటికొచ్చి చూస్తున్నారు."

"మరి అతను? అతనిది టూవూంబా టైమేగా. ఎప్పుడో వెళ్ళిపోవచ్చు."

"అవును. ఆవిడ రమ్మని రెండుసార్లు పిలిచారు. దిగలేదు. ఇక్కడే ఉన్నాడు నా పక్కన. చిప్స్ తింటున్నాడు."

చిప్స్ సంచి చప్పుడు వినిపించింది. తర్వాత అతని గొంతు. "హలో ఆంటీ. థాంక్యూ సో మచ్ ఆంటీ."

ఎగతాళి చేస్తున్నాడు. అతనికి తెలుసన్నమాట. నాకు అప్పుడు మొదటిసారి ఆ అబ్బాయి మీద కొంచెం గౌరవం కలిగింది. కొంచెమే.

"పిన్నీ," అంది పిల్ల, నవ్వు ఆపుకుంటూ, "ఆ గ్రంథం పేరు చెప్పు. అత్తయ్యగారు చదువుతారట. నన్ను తెప్పించమన్నారు."

"లైబ్రరీలో అడిగానమ్మా. ఎవరో తీసుకెళ్ళారట, ఇంకా తిరిగివ్వలేదట," అన్నాను.